మామ చిక్కు తీసిన ఆర్గన్

మా బావ వాయించే ఆర్గన్ ఎక్కడి నుంచి వచ్చిందో తిరువళ్ళూరులో ఇద్దరిని అడిగితే మూడు కథలు చెబుతారు. నేను అడగని మనిషి లేడు, కాబట్టి నా అవస్థ మీరే ఊహించుకోండి. ఓడలో వచ్చిందని బావ చెప్పేవాడు. ఇంగ్లండు నుంచి మద్రాసు రేవుకి, అక్కడి నుంచి పెట్టెలు పెట్టెలుగా రైల్లో, స్టేషన్ నుంచి ఎద్దుల బండ్ల మీద చర్చికి. అసలది ఎక్కడో కొండమీది చర్చికి పోవలసిందట, పొరపాటున ఇక్కడ దించేశారట, మళ్ళీ ఎక్కించే ఓపిక ఎవరికీ లేకపోయిందట. చర్చి పక్క సందులో ఉండే ముసలావిడ మాత్రం, అదంతా అబద్ధం, రైల్వేలో పనిచేసిన ఒక దొర చచ్చిపోయిన పెళ్ళాం జ్ఞాపకంగా ఇచ్చాడు, మా అవ్వ ఆ దొరని కళ్ళారా చూసింది అని ఒట్టేసి చెబుతుంది. పాస్టరు అయ్యగారిని అడిగితే ఆయన నవ్వి, మద్రాసులో ఏదో పెద్ద చర్చి వాళ్ళు కొత్తది కొనుక్కుని పాతది మనకు తోసేశారమ్మా, అంతే అన్నారు. ఇందులో ఏది నిజమో నాకు ఈనాటికీ తెలియదు.

నాకు అసలు ఆ వస్తువే అర్థమయ్యేది కాదు. మాది తిరుత్తణి పక్కన మగ్గాల ఇల్లు. మా అమ్మానాన్నలు, తాతముత్తాతలు, అందరిదీ నేతపనే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కొండమీద సుబ్రమణ్యస్వామి. అలాంటి ఇంట్లో పుట్టిన మా అక్క తిరువళ్ళూరుకు చదువుకోవడానికి పోయి, అక్కడ బడిలో పిల్లలకు పాటలు నేర్పే ఒక క్రైస్తవుల అబ్బాయిని చేసుకుంటానంది. ఇంట్లో రామరావణ యుద్ధం జరిగింది. చివరికి మా అమ్మే, అబ్బాయి ముఖం చూస్తే కోపం నిలవడం లేదే అని ఒప్పుకుంది. తమిళం తప్ప రాని ఆ మనిషి అక్క కోసం తెలుగు నేర్చుకున్నాడు, అదీ మా తిరుత్తణి తెలుగు.

పెళ్ళయిన కొత్తలో బావ నన్ను చర్చిలోకి తీసుకుపోయి ఆర్గన్ చూపించాడు. గోడంత ఎత్తు చెక్క బీరువా, దాని ముందు వరసగా వెండిరంగు పూసిన గొట్టాలు. వీటిలోంచేనా పాట వచ్చేది అన్నాను.

"ఇవి సుమ్మా షోకుకు పెట్టిండేవి. మోగవు. మోగేవి లోపలుండాయి" అన్నాడు.

"మోగనివి ముందర నిలబెట్టి మోగేవాటిని దాచిపెట్టుకుంటారా? ఏం మనుషులు బావా మీరు!"

"మీ ఇంట్లో వేరే మాదిరి. వాగేదాన్ని ముందర పెట్టినారు, పాడేదాన్ని లోపల దాచినారు. ఎతికి పట్టుకునేకి ఎంత కష్టమయిందో నాకు తెలుసు."

వాగేదాన్ని నేను. పాడేది మా అక్క. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య మాట అంటే ఇలాగే ఉంటుంది. బావా మరదళ్ళం కదా, ఒకరినొకరు ఏదో ఒకటి అనుకోకపోతే అన్నం సహించదు.

ఆ ఆర్గన్ లోపల ఏం జరుగుతుందో బావ చాలాసార్లు చెప్పాడు. నాకు బుర్రకెక్కింది ఇంతే. కింద పెద్ద తోలు తిత్తి ఉంటుంది. పూర్వం ఒక మనిషి పక్కన నిలబడి కర్ర పట్టుకుని ఆ తిత్తిలోకి గాలి కొట్టేవాడు. తర్వాత ఆవడిలో ఫ్యాక్టరీలో పనిచేసే చర్చి మనిషి ఒకాయన మోటారు తెచ్చి బిగించాడు. వాయించేవాడు మెట్టు నొక్కితే, దాని వెనక కట్టిన సన్నటి చెక్కబద్ద ఒకటి కదులుతుంది, ఆ బద్ద ఎక్కడో ఒక కడ్డీని తిప్పుతుంది, కడ్డీ ఒక చిన్న మూతను తెరుస్తుంది, గాలి గొట్టంలోకి పోయి అది కూస్తుంది. ఒక్క కూతకు ఇంత యాగీ ఎందుకో నాకు తెలియదు. మా హార్మోనియం పెట్టె వీటన్నింటినీ ఒళ్ళో పెట్టుకుని పాడుతుంది కదా అంటే బావకు కోపం వచ్చేది.

దాని ఆరోగ్యం మాత్రం నేను చూసినప్పటి నుంచీ అంతంతమాత్రమే. వానాకాలం వస్తే చెక్క ఉబ్బి మెట్లు ఇరుక్కునేవి. ఒకసారి ప్రసంగం మధ్యలో ఒక గొట్టం తనంతట తానే మోగడం మొదలుపెట్టి, బావ లోపలికి దూరి ఏదో పీకేదాకా ఆగలేదు. ఎలుకలు తిత్తిని కొరికితే ఆటో సీట్లు కుట్టేవాడి దగ్గర రెక్సిన్ తెచ్చి అతికించాడు. ముందు గొట్టాలకు ప్రతి క్రిస్మస్‌కూ పెయింటు మీద పెయింటు పూసి పూసి అవి లావెక్కాయి. బావ బడి నుంచి రిటైరయ్యాక ఇంక ఆ బీరువాయే ఆయనకు ఉద్యోగం. పొద్దున కాఫీ తాగి పోతే మధ్యాహ్నం భోజనానికి అక్క ఫోన్ చేస్తేగాని వచ్చేవాడు కాదు.

అలాంటిది, దానికి చెద పట్టింది. మెట్ల నడిమి భాగం వెనక ఉన్న బద్దల్ని లోపల్లోపలే తినేసింది. అటు చివర ఇటు చివర మెట్లు మోగుతాయి, మధ్యలో నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పాటంతా ఉండేది మధ్యలోనే. మద్రాసులో ఇలాంటివి బాగుచేసే ఆయన ఒకరే ఉన్నారట, ఆయన ఎక్కడో కేరళలో పనిలో ఉన్నానని, నెలలు పడుతుందని చెప్పాడు. చర్చి వాళ్ళు కీబోర్డు పెట్టుకున్నారు. బావ ఇంటి వరండాలో కూర్చున్నాడు.

కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారిపోవడం మొదలుపెట్టాడు. తువ్వాలు తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెట్టేవాడు. కరివేపాకు తెస్తానని పోయి రైలుగేటు దగ్గర నిలబడిపోతే, తెలిసినవాళ్ళెవరో చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చారు. ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ అన్నం తిన్నదా అని అక్కను అడిగాడు. డాక్టరు ఏవో పరీక్షలు చేసి, మందు రాసి, మతిమరుపు జబ్బు మొదలైనట్టుంది, ఇప్పుడే గట్టిగా చెప్పలేం, ఆయనకు బాగా తెలిసిన పని ఏదైనా చేయిస్తూ ఉండండి అన్నాడు. మొదలైనట్టుంది అంటాడు, గట్టిగా చెప్పలేం అంటాడు. ఉందా లేదా అని నేను అడిగితే, చూద్దాం అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. చూడ్డానికి ఇదేమన్నా సినిమానా?

అక్క మాత్రం ఆ ఒక్క మాట పట్టుకుంది. ఆయనకు బాగా తెలిసిన పని ఒకటే. అది మోగాలి. తిరుత్తణికి ఫోన్ చేసి, "మామను పిలుచుకోని రావే" అంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. నేతగాడు. మగ్గం ఎవరిది మొరాయించినా మా పక్క ఆయన్నే పిలుస్తారు. నేనూ మామా పొద్దున్నే ఎలక్ట్రిక్ రైలెక్కాం. అరక్కోణం దాటేదాకా కిటికీ పక్కన నిద్రపోయి, తిరువాలంగాడు దగ్గర లేచి, "ఇంతకీ ఏం పని?" అన్నాడు. చెప్పాను. "గుడ్డ నేస్తాదా అది?" అన్నాడు. లేదు, పాడతాది అన్నాను. "సరి, చూద్దాం" అన్నాడు.

బావకు చెప్పలేదు. బాగయ్యాక తీసుకుపోయి కూర్చోబెట్టి సంతోషపెట్టాలని అక్క ఆశ. అయ్యగారు సభకని వేరే ఊరు పోయి ఉన్నారు, చర్చి తాళం తెరిచే ఆయన మాకు తాళం తీసి తన పనికి తాను పోయాడు. మామ బీరువా వెనక పలక ఊడదీసి, టార్చి వేసి, లోపలికి తల పెట్టాడు. తర్వాత లోపలి నుంచే నవ్వు వినిపించింది.

"ఒసే, ఇది మగ్గమే గదే! ఇవన్నీ పోగులు. ఈ పక్క మెట్టు లాగితే ఆ పక్క తెరుచుకుంటాది. దీనికి మద్రాసు నుంచి మనిషి రావాల్నా?"

నాకు ప్రాణం లేచివచ్చింది. మామ ఇంటికి పోయి టేకు చెక్కను సన్నగా చీల్చి, నున్నగా గీకి బద్దలు చేసుకుని శనివారం పొద్దున మళ్ళీ వచ్చాడు. మా మగ్గాల మీద ఒక పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. అదొక విద్య. ఎడమ నుంచి కుడికి వరసగా పోవాలి, ఒక పోగు పక్కపోగు మీదుగా దాటిందా, గుడ్డ చెడినట్టే. మామ ఆ చేత్తోనే బద్దల కొసలకు దారం చుట్టి, చెద తిని రాలిపోయిన కడ్డీలను తిరిగి నిలబెట్టి, ఒక్కొక్కటే కట్టుకుంటూ పోయాడు. మధ్యలో విసుక్కున్నాడు.

"చెద తినకుండా మిగిలిండేవి చూడు, ఒకటి ఆ పక్కకి పొయ్యుండాది, దాని పక్కది ఈ పక్కకి. అంతా దాటుకోని దాటుకోని పొయ్యుండాయి. ఎవుడో పని తెలీనోడు కట్టినాడు. మోగతా ఉండాయి గాబట్టి వాటి జోలికి పోను. నేను కట్టేవి మాత్రం చిక్కు తీసి, ఎదురుగా ఉండేదానికే కడతా."

నేను టార్చి పట్టుకున్నాను. చిక్కు తీయడం మంచిదే కదా అనుకున్నాను. మా ఇంట్లో పుట్టిన ఎవరైనా అదే అనుకుంటారు.

సాయంత్రానికి మామ మోటారు వేయించి, మెట్లన్నీ నొక్కి చూశాడు. అన్నీ పలికాయి. ఒక్కటీ మూగపోలేదు. ఒకటి సన్నగా, దాని పక్కది బొంగురుగా పలికితే అదేదో దాని తీరు అనుకున్నాం. పాట తెలిసినవాళ్ళు మాలో లేరు. అక్క పాడగలదు కానీ ఆ వేళకి ఇంట్లో బావకు కాపలా ఉంది. మామ చేతులు దులుపుకుని, "ఆయప్పను పిలువు" అన్నాడు. నేను, రేపు ఆదివారమే కదా, అందరి ముందరా కూర్చోబెడదాం అన్నాను. ఎంత తెలివి నాది!

ఆదివారం నేనూ చర్చికి పోయాను. నేను బొట్టు తీయను, వాళ్ళూ తీయమనరు, వెనక వరసలో కూర్చుంటాను. అక్క బావను చెయ్యి పట్టుకుని ఆర్గన్ దగ్గరికి తీసుకుపోయి, బాగయింది వాయించు అంది. ఆయన ముఖం చూడాలి! చిన్నపిల్లాడికి తప్పిపోయిన తల్లి దొరికినట్టు ఉంది. కూర్చున్నాడు, చొక్కా చేతులు మడుచుకున్నాడు, ఎన్నో ఏళ్ళుగా వాయించిన పాత కీర్తన ఎత్తుకున్నాడు.

దేవుడా, ఆ మోత! పాట మొదలు సరిగ్గానే వచ్చింది, నడుమకి రాగానే ముక్కలు ముక్కలైపోయింది. ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. జనం పాడబోయి నోళ్ళు మూసుకున్నారు. ముందు వరసలో ఎవరో తమిళంలో "పావం" అని జాలిపడ్డారు. బావ తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూశాడు. తర్వాత లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, పక్క తలుపు నుంచి బయటకు పోయాడు. కీబోర్డు మోగింది, ఆరాధన సాగింది.

ఆ రోజు అక్క ఏడ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు. "పాట కూడా పొయ్యిందే. అది పోదనుకున్నా" అంది. డాక్టరు ఇంకా చూద్దాం చూద్దాం అంటున్నాడు, మేము మాత్రం చూసేశాం అనుకున్నాం. ఆర్గన్‌ని అనుమానించడం ఎవరికీ తోచలేదు. అన్ని మెట్లూ పలుకుతున్నాయి కదా! తువ్వాలు ఫ్రిజ్‌లో పెట్టే మనిషి, గేటు దగ్గర దారి మరిచే మనిషి, పాట మరిచాడంటే అందులో వింతేముంది? బావ కూడా అదే నమ్మాడు. నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "చెవుకి తెలస్తా ఉండాదమ్మే, చేతికి తెలీలేదు."

అంతటితో అది ముగిసిందనుకున్నాం. కానీ కొన్నాళ్ళకు అక్క ఫోన్ చేసి, ఈయన మధ్యాహ్నాలు ఇంట్లో ఉండడం లేదే అంది. ఎక్కడికి పోతున్నాడో అని వెనక పోయి చూస్తే చర్చిలోకి. ఎవరూ లేని వేళ చూసి, తలుపు చేరవేసుకుని వాయించుకుంటున్నాడట. ఒక్కొక్క మెట్టూ నొక్కడం, తల వంచి వినడం, ఇంకోటి నొక్కడం. చిన్న క్లాసు పిల్లల్లాగా. ఎందుకయ్యా ఇలా అంటే, "ఏది యాడుండాదో మరిచిపోయినా గదా, మళ్ళీ నేర్చుకుంటా ఉండా" అన్నాడట. అక్క గుమ్మంలో నిలబడి ఏడుపు మింగుకుని వచ్చేసింది.

వారం వారం పోయేదాన్ని నేను. పోయినప్పుడల్లా ఏ బావను చూడబోతానో తెలిసేది కాదు. ఒక రోజు నన్ను చూసి, రా అమ్మే, మీ అక్క యాడికి పోయింది అని అక్కనే పక్కన పెట్టుకుని అడిగాడు. మరుసటి వారం నా చీర చూసి, ఇది మీ మామ నేసింది కాదు, అంచు తేడా ఉండాది అని కరెక్టుగా కనిపెట్టాడు. జబ్బు ఉన్న రోజు లేనట్టు, లేదనుకున్న రోజు ఉన్నట్టు. నాకు తల తిరిగిపోయేది. అక్కను అడిగితే, నన్నడగొద్దు, నాకు రాత్రికీ పగటికీ మాట మారతా ఉండాది అనేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం, ఎవరూ పిలవకుండానే, బావ పోయి ఆర్గన్ ముందు కూర్చున్నాడు. అక్క లేచి ఆపబోయింది, నేను కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను. అదే కీర్తన. ఈసారి నడిమి భాగం వచ్చింది. కాస్త నిదానంగా, కాలు నొప్పిగా ఉన్న మనిషి నడిచినట్టు, కానీ ఒక్క తప్పు లేకుండా వచ్చింది. జనం పాడారు. చివర్లో అయ్యగారు మైకులోనే "ఎల్లాం సరియా పోచ్చు!" అన్నారు, అంతా బాగయిపోయింది అని. అక్క నా చెయ్యి నలిపేసింది. డాక్టరుకు చెబితే, మందు పనిచేస్తోంది అన్నాడు. తన గొప్పే!

ఆ ఊపులో చర్చివాళ్ళు మద్రాసు ఆయన్ని గట్టిగా పట్టుకుని రప్పించారు, మొత్తం ఒకసారి శ్రుతి చేయించాలని. ఆయన వచ్చిన రోజు అక్క బావను ఆవడిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పనివాడికి టీ, టిఫిను చూసుకోమని నన్ను చర్చిలో పెట్టింది. ఆయన వెనక పలక తీసి, లోపలికి తొంగిచూసి, తల బయట పెట్టి, మళ్ళీ తొంగిచూశాడు.

"ఇది కట్టింది ఎవరమ్మా?" అన్నాడు తమిళంలో.

"మా మామ."

"ఆయనేం చేస్తారు?"

"నేత" అన్నాను.

ఆయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు, పాపం, ఆపుకోలేక నవ్వాడు. ముళ్ళు చాలా బాగున్నాయి, నేను కూడా ఇంత అందంగా కట్టలేను, కానీ ఇవి దాటాలమ్మా అన్నాడు. గొట్టాలు లోపల మెట్ల వరసలో నిలబడి ఉండవట. బరువు సరిపోవాలని ఒకటి ఎడమకు, దాని తర్వాతది కుడికి పెడతారట. అందుకే బద్దలూ కడ్డీలూ ఒకదాని మీదుగా ఒకటి దాటి పోవాలి. మా మామ చిక్కు అని విప్పిందే దాని అసలు కట్టు. మధ్యలో ఒక్కో మెట్టు నొక్కితే ఇంకో మెట్టుకు కూయాల్సిన గొట్టం కూస్తోంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. అంటే ఆ ఆదివారం బావ తప్పు వాయించలేదు! చేతులు సరిగ్గానే పోయాయి, పెట్టే తప్పు పలికింది. మేమందరం, నేనూ, అక్కా, అయ్యగారూ, ఆ జనం, పాట పోయిందని తీర్పు చెప్పేశాం. ఎంత సంతోషమో అంత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మామకు ఫోన్ చేసి అరిచాను. "దాటించి కట్టేది ఏం పనే? అట్లాంటి మగ్గం నేను యాడా చూడలే" అన్నాడు, అంతే. ఆయన్ని అని ఏం లాభం?

అప్పుడు తట్టింది రెండో సంగతి. మరి ఇప్పుడు సరిగ్గా వాయిస్తున్నాడే, అదెలా? మద్రాసాయన్ని అడిగాను. ఆయన నవ్వడం ఆపేశాడు. ఈ వయసులోనా అన్నాడు. తప్పుగా కట్టిన మెట్ల మీద పాట సరిగ్గా వస్తోందంటే, ఆయన ప్రతి తప్పునీ ఎక్కడెక్కడుందో నేర్చుకుని ఉండాలి, అది మామూలు మతి చేసే పని కాదు అన్నాడు.

"అట్లయితే మళ్ళీ మా మామ కట్టినట్టే కట్టేయండి" అన్నాను.

ఆయన నన్ను అదో రకంగా చూశాడు. అప్పటికే సగం బద్దలు విప్పి ఉన్నాడు. అయ్యగారు వచ్చి, అదెలా కుదురుతుందమ్మా, రేపెప్పుడో ఇంకొకరు వాయించాలి కదా, ఉన్నది ఉన్నట్టు ఉండాలి కదా అన్నారు. ఆయన మాటా నిజమే. తప్పు దిద్దితే బావ తప్పుతాడు, దిద్దకపోతే ఆర్గన్ తప్పు. ఇంత అయోమయం నా జన్మలో పడలేదు. మద్రాసాయన పని ముగించి, లోపలి గొట్టాలు చూపిస్తూ ఇంకో మాట కూడా చెప్పి పోయాడు. ఇవి ఒక ఆర్గన్‌వి కాదట, కనీసం రెండింటివి కలిపి కట్టినవట. మరి ఎక్కడి నుంచి వచ్చింది అంటే, ఎక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చు అన్నాడు. సరిపోయింది.

ఆవడి నుంచి వచ్చాక అక్కకు వంటింట్లో చెప్పాను. ఆమె పొయ్యి కట్టేసి గోడకు ఆనుకుంది. నువ్వే చెప్పు, నాకు నోరు రాదు అంది. వరండాలో ఆయన పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. మామ గురించి, బద్దల గురించి, ఈ రోజు దిద్దిన దాని గురించి.

"అంటే ఆ పొద్దు నా చేతులు సరిగ్గానే పొయ్యినాయా?" అన్నాడు.

"సరిగ్గానే పొయ్యినాయి బావా."

"నేనే పిచ్చోణ్ణని నేనే నమ్మినానే, అమ్మే. ఒకటొకటిగా నొక్కి, యాడ పెట్టి మరిచినానో అని ఎతుక్కుంటి." మళ్ళీ తానే, "అట్లయితే నాకు జబ్బు లేదా?" అన్నాడు.

నేను అక్క వైపు చూశాను. గుమ్మంలో నిలబడి ఉంది. "ఉండాదయ్యా. అదీ ఉండాది" అంది మెల్లగా.

ఆయన తల ఊపాడు. ఏదో లెక్క తేలని మనిషిలా ఆ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "పెట్టె తప్పినప్పుడు నాదే తప్పనుకుంటి. రేపు నేను తప్పితే పెట్టెదనుకుంటానేమో. ఎట్ల తెలిసేది నాకు?" అన్నాడు. అన్నం ముందు కూర్చున్నాక, అమ్మ తిన్నదా అని అడిగాడు. తిన్నది, నువ్వు తిను అంది అక్క.

మర్నాడే ఆదివారం. ఆయన్ని కూర్చోబెట్టాలా వద్దా అని అక్కా నేనూ పొద్దున్నే తగవులాడుకున్నాం. మేము తేల్చుకునేలోపు ఆయన చొక్కా మార్చుకుని వీధిలోకి దిగాడు. చర్చి నిండా జనం. శ్రుతి చేసిన ఆర్గన్ వినాలని ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. అందరూ పాటకు లేచి నిలబడ్డారు. బావ ఎత్తుకున్నాడు. శబ్దం ఎంత శుభ్రంగా ఉందో! నడిమి భాగానికి వచ్చేసరికి వేళ్ళు కొత్తగా నేర్చుకున్న దారిలోకి పోయాయి, పాట మళ్ళీ ముక్కలైంది.

ఆపాడు. ఆయన బల్ల మీద నుంచి వెనక్కి తిరిగి, జనం మీదుగా, ఎక్కడున్నానో అని నన్ను వెతికాడు. ఆ తమిళ చర్చిలో, అందరికీ వినబడేలా, తెలుగులో అడిగాడు.

"ఏమ్మే! ఇప్పుడు తప్పు నాదా, దీనిదా?"

అక్క నా చెయ్యి గిల్లింది. పెట్టెదే అంటే సరిపోయేది. నిన్ననే విప్పి కట్టారు, అందరూ నమ్ముతారు, ఆయన కూడా నమ్మి తలెత్తుకుని దిగివస్తాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన నా ముఖంలోకి అలా చూస్తూ ఉంటే, ఈ ఊళ్ళో ఈయనకు నిజం తెలిసే దారి నేనొక్కదాన్నే అనిపించింది.

"ఇప్పుడు నీదే బావా!" అని అరిచాను.

ఆయన ముఖం విప్పారింది. నవ్వాడు. నిజంగా, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"అట్లయితే సరి" అన్నాడు. "నాదయితే నేను దిద్దుకుంటా."

మళ్ళీ మెట్ల వైపు తిరిగి మొదటి నుంచి ఎత్తుకున్నాడు. అదే చోట తడబడ్డాడు, ఆగాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. అయ్యగారు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. మేమందరం నిలబడే ఉన్నాం.